చంటిబిడ్డకు పీక: ఎంచుకోవడం, వాడటం, మాన్పించడం

గుంటూరు అరండల్‌పేటలో పిల్లల పళ్లకు వైద్యం చేస్తున్న నా దగ్గరకు కిందటి వేసవిలో విజయవాడ పటమట నుంచి ఒక తల్లి తన పాపను తీసుకువచ్చారు. పాపకు మూడేళ్లు నిండటానికి ఇంకా రెండు నెలలు ఉంది. నోట్లో పీక, అంటే పాలు లేకుండా ఊరికే చప్పరించడానికి ఇచ్చే పాసిఫయర్, ఉంది. దాన్ని మెల్లగా తీయించి, దవడపళ్లు కలిపి కొరికి పట్టుకోమని చెప్పి, పెదవులు కాస్త పక్కకు జరిపి చూశాను. వెనక పళ్లు కలిసే ఉన్నాయి గానీ ముందు పైపళ్లకూ కింది పళ్లకూ మధ్య కోడిగుడ్డు ఆకారంలో ఒక ఖాళీ మిగిలిపోయింది. నాలుకను అదిమి చూసే చెక్కపుల్లను అడ్డంగా పెడితే, పాప నోరు తెరవకుండానే అది ఆ ఖాళీలోంచి లోపలికి వెళ్లిపోయింది. తరవాత పాప పీకనే కడిగి ఆ ఖాళీ దగ్గర పట్టుకుని చూశాను. పీక మెడ ఎంత లావుందో ఖాళీ అంతే ఉంది.

ఆ తల్లి సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి నా ముందు పెట్టారు. "మామూలుది కాదండీ డాక్టరుగారూ, పళ్లు పాడుకాకుండా ఉండేదే ఏరి కొన్నాం. ఆర్థోడాంటిక్ అని రాసి ఉంది, చూడండి" అన్నారు. ఆమె నిర్లక్ష్యం చేసిన మనిషి కారు. రెండింతల ధర పెట్టి, శ్రద్ధగా చదివి కొన్న మనిషి. అందుకే ఆమెకు ఆ రోజు చెప్పినదాన్ని మిగతా తల్లిదండ్రులకు కూడా పనికివచ్చేలా వివరంగా రాస్తున్నాను. పీక ఆకారం పళ్ల మీద ప్రభావం చూపే మాట నిజమే. అయితే ఆ ఆకారంలో పెట్టె మీద గొప్పగా చెప్పే మొన కంటే ఎవరూ పట్టించుకోని మెడ ముఖ్యం. ఆ మెడ కంటే కూడా అది నోట్లో రోజుకు ఎన్ని గంటలు, మొత్తం ఎన్ని నెలలు ఉన్నదన్నది ముఖ్యం.

ముందుగా మాటలు స్థిరపరచుకుందాం. నోట్లోకి వెళ్లి బిడ్డ చప్పరించే ఉబ్బెత్తు భాగాన్ని మొన అంటాను. మొనకు వెనక, సరిగ్గా చిగుళ్ల మధ్యకు, తరవాత పళ్ల మధ్యకు వచ్చే సన్నటి భాగం మెడ. పెదవుల మీద బయటి నుంచి ఆనుకునేది బిళ్ల. బిళ్లకు వెనక పట్టుకోవడానికి ఉండేది రింగు. రబ్బరు మొన, బిళ్ల, రింగు ఉన్న ఈ రూపానికి 1900లో అమెరికాలో క్రిస్టియన్ మైనెకె అనే ఆయన పేటెంటు తీసుకున్నారు. నూరేళ్లు దాటినా ప్రాథమిక రూపం మారలేదు.

నోట్లో ఏం జరుగుతుంది

చప్పరించడం బిడ్డకు ఎవరూ నేర్పేది కాదు. తల్లి కడుపులో ఉండగానే వేలు చప్పరించడం స్కానింగుల్లో కనిపిస్తుంది. ఆకలి లేకపోయినా చప్పరిస్తూ ఉంటే బిడ్డ మనసు కుదుటపడుతుంది. కాబట్టి ఈ కోరికను చెడ్డ అలవాటుగా చూడటం తప్పు. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, అదే సమయంలో నోరు అతి వేగంగా రూపు దిద్దుకుంటూ ఉంటుంది. పుట్టినప్పుడు అంగిలి ఎముక కుడి ఎడమ భాగాలు నడిమధ్యన మెత్తటి కణజాలంతో మాత్రమే అతుక్కుని ఉంటాయి, ఆ అతుకు దగ్గర ఎముక పెరుగుతూ అంగిలి వెడల్పు అవుతుంది. సుమారు ఆరు నెలలకు కింది దవడ ముందుపళ్లతో మొదలుపెట్టి, రెండున్నర మూడేళ్లకల్లా ఇరవై పాలపళ్లూ వచ్చేస్తాయి. ఈ మూడేళ్లలో నోట్లో ఎక్కువసేపు ఉండే వస్తువు ఏదైనా ఎముకకూ పళ్లకూ అచ్చులాగా పనిచేస్తుంది.

పంటి వరసకు లోపలి పక్కన నాలుక, బయటి పక్కన బుగ్గలు, పెదవులు ఉంటాయి. లోపలి నుంచి నాలుక ఇచ్చే ఆసరా, బయటి నుంచి బుగ్గలు ఇచ్చే ఒత్తిడి సరితూగినంత కాలం పళ్లు తమ చోట నిలుస్తాయి. నోరు మూసుకుని విశ్రాంతిగా ఉన్నప్పుడు నాలుక అంగిలికి ఆనుకుని ఉండటమే అంగిలి వెడల్పుగా పెరగడానికి ఆధారం. నోట్లో పీక ఉన్నప్పుడు దాని మొన అంగిలి దగ్గర చోటు ఆక్రమించి నాలుకను కిందికి అదిమి ఉంచుతుంది. చప్పరించే ప్రతిసారీ బుగ్గల కండరాలు బిగిసి పై కోరపళ్లనూ దవడపళ్లనూ లోపలికి నొక్కుతాయి. ఆ నొక్కుడును లోపలి నుంచి ఎదుర్కోవలసిన నాలుక కిందనే ఉండిపోతుంది. నెలల తరబడి ఇలా సాగితే పై దవడ సన్నబడుతుంది, కింది దవడ పళ్ల వరస నాలుక ఆసరాతో కాస్త వెడల్పు అవుతుంది. పై దవడపళ్లు కింది పళ్లకు బయటగా కొరకవలసింది పోయి లోపలగా కొరుకుతాయి. దీన్నే క్రాస్ బైట్ అంటాం. కొందరు పిల్లలు ఆ ఇబ్బందిని తప్పించుకోవడానికి కొరికేటప్పుడు కింది దవడను ఒక పక్కకు జరుపుకోవడం నేర్చుకుంటారు.

ముందు పళ్ల సంగతి వేరు. అక్కడ పని చేసేది మెడ. పై పళ్లూ కింది పళ్లూ ఒకదానికొకటి ఎదురుగా పైకి వస్తున్న సమయంలో మధ్యలో మెడ అడ్డం ఉంటే అవి అక్కడే ఆగిపోతాయి, వెనక పళ్లు మాత్రం తమ దారిన పెరిగి కలుసుకుంటాయి. ఆ పాప నోట్లో కనిపించిన గుడ్డు ఆకారపు ఖాళీ అలా ఏర్పడింది. దీనికి ఓపెన్ బైట్ అని పేరు. పై పళ్లు కొంత ముందుకు తోసుకువచ్చి మనం ఎత్తుపళ్లు అనే స్థితి కూడా రావచ్చు గానీ, అది పీక కంటే వేలు చప్పరించేవారిలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం తల్లులు తెలుసుకుని ఉండాలి. పళ్లు రాని పసికందు నోట్లో ముందు పక్కన పై చిగురుకూ కింది చిగురుకూ మధ్య ఖాళీ ఉండటం సహజం, నాలుక ఆ సందులో పడుకుని ఉంటుంది. రెండు నెలల బిడ్డకు ఆ ఖాళీ చూసి పీక వల్లే వచ్చిందని కంగారు పడుతూ వచ్చేవారు నా దగ్గర ప్రతి ఏడాదీ ఉంటారు.

ఆర్థోడాంటిక్ అనే మాటకు అర్థం

పళ్ల వరసను సరిచేసే వైద్యాన్ని ఆర్థోడాంటిక్స్ అంటాం, పెట్టె మీది మాట అక్కడిదే. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన తరవాతి సంవత్సరాల్లో జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ బాల్టర్స్, అడాల్ఫ్ ముల్లర్ అనే దంతవైద్యులు, గుండ్రటి మొనకు బదులు పైన అంగిలికి ఒదిగేలా వంపు తిరిగి, కింద నాలుక ఆనేచోట చదునుగా ఉండే మొనను రూపొందించారు, ఆర్థోడాంటిక్ అని అమ్మే పీకలకు అదే మూలం. తల్లి చనుమొన బిడ్డ నోట్లో సాగి, చదునై, అంగిలి లోతుల వరకు వెళుతుందన్న గమనిక నుంచి ఆ ఆలోచన పుట్టింది. ఆలోచన మంచిదే. కానీ చనుమొన మెత్తటి మాంసం, బిడ్డ నాలుక కదలికను బట్టి ప్రతి క్షణం ఆకారం మార్చుకుంటుంది. సిలికాను తన ఆకారాన్ని తాను నిలుపుకోవాలనే చూస్తుంది. అందువల్ల ఏ పీకా చనుమొనకు సాటి రాదు. మామూలు గుండ్రటి పీకతో పోలిస్తే ఆర్థోడాంటిక్ పీకలు పళ్లను తప్పకుండా కాపాడతాయని చెప్పగలిగినంత గట్టి రుజువు ఇంతవరకు పోగుపడలేదు. ఆ మాటను పెట్టె మీద ముద్రించడం వల్ల జరిగే అసలు హాని ఏమిటంటే, ఇది పళ్లకు మంచిదట కదా అని ఇంటిల్లిపాదీ దాన్ని ఎంతసేపైనా ఉంచవచ్చనుకుంటారు. పాలసీసాలనూ వాటి పీకలనూ ప్రచారం చేయకూడదని మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది. ఉత్త పీకల పెట్టెల మీది మాటలను కూడా ఎవరైనా ఇంతే నిశితంగా చూస్తే బాగుండునని నా కోరిక.

పీక ఇవ్వాలా వద్దా

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తల్లిపాలు సక్రమంగా పట్టడం కోసం 1989లో ప్రకటించిన పది సూత్రాల్లో తల్లిపాలు తాగే బిడ్డకు పీకలు వద్దనే ఉంది. 2018లో ఆ సూత్రాన్ని సవరించి, వాటి వాడకం గురించీ ప్రమాదాల గురించీ తల్లులకు చెప్పాలని మార్చారు. మరోవైపు అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, నిద్రలో హఠాత్తుగా శిశువులు మరణించే ప్రమాదం తగ్గుతుంది కాబట్టి పడుకోబెట్టేటప్పుడు పీక ఇవ్వడాన్ని పరిశీలించమంటుంది, అది కూడా తల్లిపాలు బాగా కుదురుకున్న తరవాతనే. సాధారణంగా అందుకు మూడు నాలుగు వారాలు పడుతుంది. నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో గొట్టంతో పాలు తీసుకునే బిడ్డకు చప్పరించడం అలవాటు చేయడానికి వైద్యులే పీక ఇవ్వవచ్చు. నా అభిప్రాయం ఇది: తల్లిపాలు తాగుతూ, ఎత్తుకుంటే ఊరుకునే బిడ్డకు పీక అక్కరలేదు. బొటనవేలు ఎక్కువగా చప్పరించే బిడ్డకు వేలి కంటే పీక నయం, ఎందుకంటే పీకను మనం దాచగలం, వేలిని దాచలేం. ఇవ్వదలిస్తే సరిగా ఇవ్వాలి.

దుకాణంలో ఏం చూడాలి

విజయవాడ బీసెంట్ రోడ్డులో గానీ గుంటూరు పట్నంబజారులో గానీ మందుల దుకాణంలో గానీ పీక కొనబోయినప్పుడు, రంగులూ బొమ్మలూ వదిలేసి ముందు మెడను చూడండి. పెట్టె విప్పి చూపించని చోట కొనవద్దు. పక్కనుంచి పట్టుకుని చూస్తే మెడ ఎంత మందంగా ఉందో తెలుస్తుంది. ఆ రోజు నా బల్ల మీద మూడు పీకలు వరసగా పెట్టి ఆ తల్లికి చూపించాను. మొదటిది గుండ్రటి మొన, మెడ దాదాపు పెన్సిలంత లావు. రెండోది ఆమె కొన్న ఆర్థోడాంటిక్ రకం. మొన చక్కగా చదునుగా ఉంది గానీ మెడ దగ్గరకు వచ్చేసరికి మొదటిదానికంటే ఏమంత సన్నం కాలేదు. మూడోదాని మెడ పైనుంచి కిందికి నొక్కినట్టు పలచగా, అడ్డంగా పట్టీలాగా ఉంది. మూడింటినీ ఒక్కొక్కటిగా ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కమన్నాను. మొదటి రెండూ వేళ్ల మధ్య ఎదురు తిరిగాయి, మూడోది వేళ్లు దాదాపు కలిసేదాకా లొంగింది. బిడ్డ పళ్లకు కూడా అదే తేడా తెలుస్తుంది. మెడ ఎంత పలచగా, ఎంత మెత్తగా ఉంటే ముందుపళ్లు విడిపోవలసిన అవసరం అంత తగ్గుతుంది.

తరవాత మొన. చిన్నదిగా, చదునుగా, నొక్కితే అణిగిపోయేలా ఉండేది మంచిది, ఎందుకంటే అది నాలుకను తక్కువగా అదుముతుంది. చెర్రీపండులా ఉబ్బుగా గుండ్రంగా ఉండేది అంగిలి కింద ఎక్కువ చోటు తీసుకుంటుంది. పైన వంపు, కింద చదును ఉన్న రకంలో ఒక చిక్కు ఉంది. అది నోట్లో తిరగబడితే దాని ఆకారం వల్ల రావలసిన లాభం తలకిందులవుతుంది. నిద్రలో బిడ్డ నోట్లో అది తిరగకుండా ఎవరు చూస్తారు? అందుకని పైకీ కిందికీ ఒకేలా ఉండే చదునైన మొనను నేను ఇష్టపడతాను.

పరిమాణం విషయంలో పెట్టె మీది వయసు అంకెలను గౌరవించండి. ఆరు నెలల లోపు బిడ్డకు పెద్దపిల్లల పీక పెడితే మొన గొంతుదాకా వెళ్లి వాంతి వచ్చినట్టు చేస్తుంది. పెద్ద బిడ్డకు పసికందు పీక పెడితే బిళ్ల మొత్తం నోట్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. బిళ్ల అడ్డంగా కనీసం ఒకటిన్నర అంగుళం, అంటే దాదాపు నాలుగు సెంటీమీటర్లు ఉండాలి, గాలి ఆడే రంధ్రాలు కనీసం రెండు ఉండాలి. ఖర్మ కాలి బిళ్ల నోట్లోకి పోయినా ఊపిరి అందడానికే ఆ రంధ్రాలు. బిళ్ల బరువుగా ఉండకూడదు. మెరిసే రాళ్లు, లోహపు రింగులు, వేలాడే బొమ్మలు ఉన్నవి చూడముచ్చటగా ఉంటాయి గానీ, ఆ బరువును బిడ్డ ముందుపళ్లూ పెదవులూ రాత్రంతా మోయవలసి వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా మొన, బిళ్ల ఒకే ముక్కగా పోతపోసినది కొనండి. మా మనవరాలికి నాలుగు నెలలప్పుడు మా అమ్మాయి విజయవాడలో ఒక దుకాణంలో వేరువేరు ముక్కలు అతికించిన పీక కొని తెచ్చింది. అలవాటు ప్రకారం నేను మొనను ఒక చేత్తో, రింగును మరో చేత్తో పట్టుకుని గట్టిగా లాగితే మూడోసారికి మొన ఊడి నా చేతిలోకి వచ్చింది. అది ఆ పసిదాని గొంతులో జరిగి ఉంటే అన్న తలపు ఇప్పటికీ నన్ను వదలలేదు. పీక నోట్లో పెట్టే ప్రతిసారీ ఇలా లాగి చూడటం నియమంగా పెట్టుకోండి. పాలసీసా పీకలో దూది కూరి ఉత్త పీకగా ఇవ్వడం మన ఇళ్లలో కొన్ని చోట్ల చూస్తున్నాను. అది ఎంతమాత్రమూ చేయకూడదు, ఆ పీక రింగు నుంచి విడిపోవడం చాలా తేలిక.

పదార్థం రెండు రకాలు. తెల్లగా పారదర్శకంగా ఉండేది సిలికాను, పసుపు రంగులో ఉండేది సహజ రబ్బరు. రబ్బరు మెత్తగా ఉండి పళ్లతో కొరికినా త్వరగా చిరగదు, కానీ ఎండకూ ఉమ్మికీ జిగటగా మారి పాడవుతుంది, కొందరు పిల్లలకు పడదు కూడా. సిలికాను శుభ్రం చేయడానికి సులువు, వేడికి తట్టుకుంటుంది, అయితే పళ్లు వచ్చాక కొరికితే చిన్న చీలిక పడి అక్కడినుంచి ముక్క ఊడవచ్చు. బెజవాడ ఎండల్లో ఆపి ఉంచిన కారులో పీక వదిలేస్తే రబ్బరుది కొద్ది రోజులకే పనికిరాకుండా పోతుంది. మన వేసవికి సిలికానే మేలు. ఏ రకమైనా నెల, రెండు నెలలకు ఒకసారి మార్చేయాలి, చీలికో జిగటో కనిపిస్తే ఆ రోజే పారేయాలి.

గంటల లెక్క

పంటి మీద ఒత్తిడి స్వల్పమైనదైనా రోజుకు సుమారు ఆరు గంటలు నిలిచి ఉంటే ఆ పన్ను కదలడం మొదలుపెడుతుందని ఆర్థోడాంటిక్స్ చదువుకునే విద్యార్థులకు మొదట నేర్పుతాం. తినేటప్పుడు పళ్ల మీద పడే బలం ఎంతో ఎక్కువైనా, అది క్షణాల్లో తీరిపోతుంది కాబట్టి పళ్లు కదలవు. పీక బలం తక్కువే గానీ ఆగదు. ఈ ఒక్క లెక్క అర్థమైతే పీక వాడకం సగం అర్థమైనట్టే. పటమట తల్లిని రోజులో ఎప్పుడెప్పుడు పీక ఉంటుందో కాగితం మీద రాయమన్నాను. పగటి నిద్ర రెండు గంటలు, టీవీ చూసేటప్పుడు గంటన్నర, స్కూటరు మీద వెళ్లేటప్పుడు, వంట పూర్తయ్యేదాకా, రాత్రంతా. కలిపితే పదమూడు గంటలు దాటింది. ఆమె తన చేతిరాతనే కాసేపు చూస్తూ ఉండిపోయారు.

మన ఇళ్లలో బిడ్డ ఎదుగుదలకు వేడుకలు గుర్తులుగా ఉన్నాయి కాబట్టి, వాటినే గడువులుగా పెట్టుకోమని నేను చెబుతుంటాను. ఆరో నెల ప్రాంతంలో ఇంద్రకీలాద్రి మీదనో ఇంట్లోనో అన్నప్రాశన చేస్తాం కదా, ఆ రోజు నుంచి పీక నిద్రకు మాత్రమే పరిమితం కావాలి. ఆ వయసు దాటాక పీక వాడే పిల్లల్లో చెవిలో చీము, నొప్పి ఎక్కువగా వస్తున్నాయి కాబట్టి చెవుల కోసం కూడా ఇది అవసరం. మెలకువగా ఉన్నప్పుడు బిడ్డ నోరు ఊకొట్టడానికీ అత్త, తాత అనే ముద్దుమాటలకూ ఖాళీగా ఉండాలి. మొదటి పుట్టినరోజు వరకు నిద్రపోయేటప్పుడు పీక ఇవ్వవచ్చు, నిద్రలో జారిపోతే తిరిగి పెట్టనక్కరలేదు. ఏడాది దాటిన తరవాత నిద్ర పట్టగానే మెల్లగా తీసేయండి, రాత్రంతా ఉండే పదిగంటలు అరగంటకు దిగుతాయి. పద్దెనిమిది నెలలు దాటి కొనసాగితే దవడల రూపం మీద ప్రభావం పడవచ్చని అక్కడి పిల్లల దంతవైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్ డెంటిస్ట్రీ చెబుతున్నది. కాబట్టి అప్పటినుంచే మాన్పించడం మొదలుపెట్టి రెండేళ్లలోపు ముగించాలి. ఎలా చూసినా మూడో ఏడు దాటకూడదు. అక్షరాభ్యాసానికి కూర్చునే బిడ్డ నోట్లో పీక ఉండకూడదన్నది నేను పెట్టే చివరి గడువు.

తేనె, కడగడం, తాడు

మా ఇంట్లో పెద్దవాళ్లు దీన్ని తేనెపీక అనేవారు. ఆ పేరులోనే ప్రమాదం ఉంది. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించకూడదు. తేనెలో ఉండగల క్లాస్ట్రీడియం బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషం తయారుచేసి, కండరాలను చచ్చుబడేలా చేయగలవు. ఏడాది దాటాక కూడా తేనె, పంచదార పాకం, గ్లూకోజు పొడి అద్దిన పీక వల్ల వచ్చిన పన్ను వచ్చినట్టే నల్లబడి అరిగిపోతుంది. పై ముందుపళ్ల మొదళ్లలో తెల్లటి సుద్దగీతలు కనిపిస్తే అదే తొలి గుర్తు, ఆ దశలో వస్తే నిలబెట్టగలం.

కొత్త పీకను మొదటిసారి వాడేముందు ఐదు నిమిషాలు నీళ్లలో మరిగించి, మొన లోపల చేరిన వేడినీటిని పిండి, పూర్తిగా చల్లారాక ఇవ్వాలి. ఆరు నెలలదాకా రోజూ ఇలాగే చేయడం మంచిది, తరవాత సబ్బునీళ్లతో కడిగినా సరిపోతుంది. కింద పడిన పీకను తల్లో నాయనమ్మో తమ నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్లీ బిడ్డకు పెట్టడం ప్రేమతో చేసే పనే గానీ, పెద్దవాళ్ల నోట్లోని పుచ్చుపళ్ల సూక్ష్మజీవులు అలాగే బిడ్డకు చేరతాయి. ఇంట్లో రెండో పీక శుభ్రంగా డబ్బాలో ఉంచుకుంటే ఆ అవసరం రాదు. పీకను దిష్టితాడుకో మెడలో రిబ్బనుకో కట్టవద్దు. ఉయ్యాల్లో ఒత్తిగిల్లినప్పుడు ఆ తాడు బిడ్డ మెడకు బిగుసుకుంటుంది.

మాన్పించే పద్ధతి

ముందుగా చేయకూడనివి చెబుతాను. మొన చివర కత్తిరించి ఇస్తే రుచి పోయి మానేస్తారని కొందరు సలహా ఇస్తారు. కత్తిరించిన చోటునుంచి ముక్క ఊడి గొంతుకు అడ్డం పడవచ్చు. వేపాకు ముద్ద, కారం, మందు రాయడం, నలుగురిలో ఎగతాళి చేయడం కూడా వద్దు. బెదిరిన బిడ్డ పీక వదిలి వేలు పట్టుకుంటే మన పని మరింత కష్టమవుతుంది.

మొదటి వారం చోటును తగ్గించండి. పీక పడకగది దాటి బయటకు రాదని ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి. నిజానికి ఇదే కష్టమైన భాగం, ఎందుకంటే తల్లి తీసేసిన పీకను బిడ్డ ఏడుపు చూడలేక తాతయ్య మళ్లీ బిడ్డ చేతికి ఇచ్చేస్తారు. ఆ తాతయ్యకే బాధ్యత అప్పగిస్తే ఆయన బిడ్డను ఎత్తుకుని వరండాలోకి తీసుకువెళ్లి కాకినో పిల్లినో చూపిస్తూ ఊరుకోబెడతారు, నేను చాలా ఇళ్లలో చూశాను. రెండో వారం పగటి నిద్రకు పీక మానేసి, వీపు నిమరడం, జోల పాడటం, ఉయ్యాల ఊపడం పెట్టుకోండి. చేతిలో పట్టుకుని పడుకోవడానికి అమ్మ పాత నేతచీర ముక్క ఇస్తే చాలామంది పిల్లలకు పీక స్థానంలో అది సరిపోతుంది. మూడో వారం రాత్రి కూడా తీసేయండి. రెండు మూడు రాత్రులు ఏడుపు ఉంటుంది, నాలుగో రాత్రికి తగ్గుతుంది. పళ్లు వస్తున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు, కొత్త బిడ్డ పుట్టినప్పుడు, ఇల్లు మారినప్పుడు ఈ పని మొదలుపెట్టకండి. మాటలు అర్థమయ్యే వయసు బిడ్డకు, తానే తన చేత్తో పీకను డబ్బాలో పెట్టి మూతవేసే అవకాశం ఇస్తే, లాక్కున్నారన్న బాధ ఉండదు.

ఎప్పుడు వైద్యుడికి చూపించాలి

మొదటి పన్ను వచ్చిన తరవాత, ఆలస్యమైతే మొదటి పుట్టినరోజు నాటికి, ఒకసారి పిల్లల దంతవైద్యులకు చూపించడం మంచిది. విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనూ గుంటూరు పక్కన తక్కెళ్లపాడులోని దంత వైద్య కళాశాలలోనూ పిల్లల విభాగాలు ఉన్నాయి. ఇంట్లో మీరు చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. బిడ్డ దవడపళ్లు కలిపి కొరికినప్పుడు ముందుపళ్ల మధ్య ఖాళీ ఉందా, అలా కొరికేటప్పుడు గడ్డం ఒక పక్కకు జరుగుతోందా, మింగేటప్పుడు నాలుక పళ్ల మధ్యనుంచి బయటకు వస్తోందా, నిద్రలో నోరు తెరిచి ఊపిరి తీస్తోందా అన్నవి గమనించి రాసుకుని వస్తే మాకు ఎంతో సాయం. మూడేళ్ల లోపు అలవాటు మానితే ముందుపళ్ల ఖాళీ చాలామందిలో దానంతట అదే మూసుకుంటుంది, ఎందుకంటే అడ్డం తొలగిన పళ్లు తమ ఎదుగుదలను తిరిగి అందుకుంటాయి. దవడ సన్నబడటం వల్ల వచ్చిన క్రాస్ బైట్ మాత్రం అంత తేలికగా సర్దుకోదు.

పటమట పాప సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వచ్చింది. పీక మానేసి ఐదు నెలలైందని తల్లి చెప్పారు. కొరికి పట్టుకోమని చెప్పి అదే చెక్కపుల్లను పళ్ల దగ్గర పెట్టాను. ఈసారి లోపలికి పోలేదు, పై పళ్లకు తగిలి ఆగిపోయింది. కుడి పక్క దవడపళ్లు రెండు ఇంకా లోపలగానే కొరుకుతున్నాయి, కొరికేటప్పుడు గడ్డం కొద్దిగా ఆ పక్కకే జరుగుతోంది. నాలుగు నెలలకు ఒకసారి చూపించమని, అది సర్దుకోకపోతే ఆరో ఏట మొదటి శాశ్వత దవడపళ్లు వచ్చే సమయానికి అంగిలిని మెల్లగా వెడల్పు చేసే పరికరం పెట్టవలసి రావచ్చని చెప్పి, ఆ పళ్ల అచ్చు తీసి తేదీ రాసి అల్మరాలో పెట్టాను.